బాల్‌రాజ్, తదితరులు

తాండూరులో బాల్‌రాజ్‌ను ఎరగనివాడు అరుదు. అతని పేరును అచ్చులో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇరవై ఏళ్లకు పైబడి ఒకే పత్రికకు వార్తలు రాసిన మనిషికి ఇంతకంటే పెద్ద జీవితచరిత్ర అక్కర్లేదేమో గాని, ఈ చిన్న సంగతి అతణ్ని లోలోపల ఎంతగా తొలిచేసిందో చెప్పాలంటే కొంత విస్తరించక తప్పదు.

పత్రికల వ్యవస్థలో పట్టణ విలేకరి స్థానం విచిత్రమైనది. వార్తకు ముందు ఊరి పేరు ఉంటుంది. చివర పాల్గొన్నవారి పేర్లు ఉంటాయి. మధ్యలో ఉపన్యాసకుడి మాటలు ఉంటాయి. రాసినవాడు ఎక్కడా ఉండడు. వికారాబాద్‌లో కూర్చునే జిల్లా విలేకరి పేరు ఏడాదికి ఒకసారైనా అచ్చవుతుంది. హైదరాబాద్‌లో కూర్చునేవారికి పేరుతోపాటు ఫొటో కూడా ఉంటుంది, అదీ యౌవనంలో తీయించుకున్నది. బాల్‌రాజ్‌కు మోటారు సైకిల్ మీద ఎర్ర అక్షరాలతో 'ప్రెస్' అన్న మాట ఉంది. అది పేరు కాదు.

అతని స్వగ్రామం బంట్వారం. వానను నమ్ముకున్న భూముల్లో కంది, జొన్న పండించి అలసిన తండ్రి, కొడుకైనా నీడపట్టున బతకాలని తాండూరులో డిగ్రీ చదివించాడు. కొడుకు ఎండలో తిరగవలసిన వృత్తిని ఎంచుకున్నాడు గాని, కొద్దికాలంలోనే దాన్ని కూడా నీడపట్టు పనిగా మార్చుకోగలిగాడు. సభలకు వెళ్లడం మానేశాడు. నిర్వాహకులే వాట్సాప్‌లో ఫొటో పంపుతారు, ఎవరెవరు వచ్చారో చెబుతారు. ఉపన్యాసాలు విననక్కర్లేదు. ఆ ఉపన్యాసకులు ఏం మాట్లాడతారో వాళ్లకంటే ముందు అతనికే తెలుసు.

పట్టుబడిన విద్య ఒకటుంది: పేర్ల వరుస. ఒక ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనుషుల్లో ఎవరి పేరు ముందు రావాలి, ఎవరిది వెనక, ఎవరికి హోదా చేర్చాలి, ఎవరిని 'తదితరులు' అన్న మాటలోకి తోసేయాలి, ఈ విషయంలో అతని తీర్పుకు తిరుగులేదు. ఇతర పత్రికలవాళ్లు కూడా ఫోన్ చేసి అడిగేవారు.

"అన్నా, మార్కెట్ కమిటీ ఛైర్మన్ ముందా, సొసైటీ ఛైర్మన్ ముందా?" అని నవీన్‌కుమార్ అడుగుతాడు. అతను పెద్దేముల్ వైపు కుర్రాడు, వేరే పత్రిక మనిషి.

"ఇద్దరిట్ల దసరాకు యాడ్ ఇచ్చిందెవరు?"

"సొసైటాయిన."

"ఇగ అడుగుడేంది తమ్మీ!"

లోకం నామరూపాత్మకం అని వేదాంతులు ఏ అర్థంలో అన్నారో గాని, తాండూరు విలేకరులు దాన్ని అక్షరాలా అమలు చేశారు. పైన రూపాలు, కింద నామాలు. ఈ రెంటికీ మధ్య నిజంగా ఏం జరిగిందన్నది ఎవరికీ పట్టలేదు. అందరికంటే తక్కువగా పట్టింది బాల్‌రాజ్‌కు. అయితే వేలకొద్దీ నామాలను వరుసలో నిలబెట్టిన మనిషికి తన నామం ఒక్కసారైనా అందులో నిలబడాలన్న కోరిక కలగడం వింత కాదు. మిఠాయి అంగడిలో కూర్చున్నవాడి ఆకలి అది. జాలిపడదగినదే, గౌరవించదగినది మాత్రం కాదు.

ఆ ఆకలిని రోజూ రేపే మనిషి ఇంట్లోనే ఉంది. భార్య జ్యోతిరాణిది పెద్దేముల్. పొలాలున్న ఇంటి ఆడపిల్ల. పొద్దున్నే చాయ్ గ్లాసుతో కూర్చుని పత్రిక మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవడం ఆమెకు అలవాటు.

"మా నాయిన పెండ్లప్పుడు ఊరందరికీ చెప్పిండు, అల్లుడు పేపర్ల ఉంటడని," అనేది పేజీ తిప్పుతూ. "నేను గప్పటిసంది దేవులాడుతున్న, యాడున్నవా అని."

"రాసేటోని పేరు పడదే. అది రూలు."

"మంచి రూలు. పుట్టినరోజు జేసుకున్నోని పేరు పడ్తది, కేకు కోసినోని పేరు పడ్తది, రాసినోడు గాయబ్."

ఇటువంటి పరిస్థితిలో వికారాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల నుంచి మనోరమ ఫోన్ చేసింది. ఆమె అక్కడ తెలుగు అధ్యాపకురాలు. కళాశాలలకు శ్రేణులు నిర్ణయించే కమిటీ త్వరలో రానుంది. విద్యార్థులకు పాఠ్యపుస్తకం వెలుపల ఏదో ఒకటి నేర్పినట్టు వారికి చూపాలి. గత ఏడాది కొవ్వొత్తుల తయారీ నేర్పారు. ఈసారి 'జర్నలిజం, బ్లాగు రచన: పరిచయ తరగతులు' అనుకున్నారు. జిల్లా విలేకరి తనకు తీరదని చెప్పి, బాల్‌రాజ్ పేరు సూచించాడు.

"మూడు రోజులే అన్నా. ఆఖరు రోజు కాలేజీ బ్లాగు మొదలుపెడ్తం. అండ్ల మొదటి వార్త మన క్లాసుల మీదనే," అంది మనోరమ.

"వార్తల మన పేర్లు ఉంటయా మేడమ్?"

"ఉండకుంటె ఎట్లన్నా? మీరే గదా ముఖ్యం."

అతను ఆ సాయంత్రం కొత్త చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. బ్లాగు అంటే ఏమిటో తెలుసుకోవాలన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఎవరినో అడిగి, అరగంటలో తృప్తిపడ్డాడు.

తరగతులు మొదలయ్యాయి. తాండూరు నుంచి రైల్లో వచ్చి కళాశాలకు చేరేసరికి ముప్పై మందికి పైగా విద్యార్థులు ఎదురుచూస్తున్నారు. హాజరు తప్పనిసరి అనడం వల్ల వచ్చినవారే ఎక్కువ. జర్నలిజం అంటే ఏమిటో చెప్పమని మనోరమ కోరింది. అతను బల్ల మీద చెయ్యి ఆనించి, ఒక విశ్వవిద్యాలయం ఎదుట నిలబడ్డ గాంభీర్యంతో చెప్పాడు.

"జర్నలిజం అంటె వేరే ఏం లేదు. పేపర్ తెరిచినోడు ముందుగాల ఏం దేవులాడుతడు? తన పేరు. కాబట్టి పేర్లు ఒక్కటి తప్పు పోవద్దు. వార్త తప్పు పోయినా ఎవడడగడు. పేరు తప్పు పోతె రాత్రికి ఇంటి ముందుంటరు."

విద్యార్థులు నవ్వారు. ముందు బెంచీలో కూర్చున్న భవ్యశ్రీ నవ్వకుండా రాసుకుంది. ఆమె తరగతిలో అందరికంటే తెలివైనదని మనోరమ ముందే చెప్పింది. చెప్పింది చెప్పినట్టు గ్రహించే తెలివి అది.

"పేర్లు ఎక్కువైతె ఎట్ల సార్?"

"మంచి ప్రశ్న. రేపు మనకు ఎవరితోటి పని పడ్తదో వాళ్లను ఉంచు. పని లేనోళ్లను తదితరుల్ల వెయ్యి."

భవ్యశ్రీ అది కూడా రాసుకుంది.

వెనక వరుసలోంచి రెబెక్క లేచింది. పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో తాండూరు, అక్కడి నుంచి రైల్లో వికారాబాద్ వచ్చి చదువుకునే పిల్ల. తల్లి రాహేలమ్మ కూలికి పోతుంది.

"సార్, బ్లాగు గూడ గిట్లనే రాస్తరా? పేపర్ కాడ జాగా తక్కువ. బ్లాగుల జాగా మస్తు ఉంటది గద."

"అందుకే బ్లాగు మంచిది బిడ్డా. అన్ని పేర్లు పడ్తయి."

ప్రశ్నకు ఇంత దగ్గరగా వచ్చి, దాన్ని ఇంత పూర్తిగా తప్పించుకున్న జవాబు అరుదు. రెబెక్క ఇంకేదో అడగబోయి కూర్చుంది.

రెండో రోజు వాళ్లవాళ్ల ఊళ్లలో జరిగిన ఒక సంఘటనను వార్తగా రాసుకురమ్మన్నాడు. చాలామంది పాఠశాల వార్షికోత్సవాలు, వైద్య శిబిరాలు, క్రికెట్ పోటీల బహుమతి ప్రదానాలు రాశారు. పేర్ల వరుసలు నిర్దోషంగా ఉన్నాయి. రెబెక్క రాసింది ఆటో ప్రమాదం గురించి. పది పన్నెండు రోజుల కిందట పెద్దేముల్ దాటాక వచ్చే మలుపులో, అడ్డం వచ్చిన బర్రెను తప్పించబోయి, కంది కోతకు వెళ్తున్న కూలీల ఆటో బోల్తా పడింది. ఆ వార్త బాల్‌రాజ్ కూడా రాశాడు. అది అతను స్వయంగా వెళ్లిన అరుదైన సందర్భాల్లో ఒకటి. క్షతగాత్రులను చూడడానికి యువనాయకుడు సుశాంత్ ఆసుపత్రికి వస్తున్నాడని, ఫొటో తీయడానికి మనిషి లేడని ఫోన్ వచ్చింది మరి. 'ఆటో బోల్తా, కూలీలకు గాయాలు' అని ఒక వాక్యం రాసి, తర్వాత పరామర్శించినవారి పేర్లతో ఒక పేరా నింపాడు.

రెబెక్క కాగితం మీద మొదటి పేరా చూసి అతను కలం తీశాడు.

"గీ పేర్లెవరివి?"

"ఆటోల ఉన్నోళ్లవి సార్. మా అమ్మ, హన్మమ్మ, ఇంద్రమ్మ..."

"అందరి పేర్లు రాస్తరా ఎక్కడన్నా? కూలీలు అని రాస్తె అయిపాయె గదా."

"దెబ్బలు తాకింది వాళ్లకే గద సార్."

"తాకితె తాకింది బిడ్డా. వాళ్లు పేపర్ కొంటరా?"

మాటలో కాఠిన్యం లేదు. నిజానికి చాలా ఆప్యాయంగా చెప్పాడు. దౌష్ట్యం లోకంలో తక్కువే. దాని పనంతా ఇటువంటి ఆప్యాయతే చేసిపెడుతుంది. ఆ పేర్లన్నిటినీ ఒక అడ్డగీతతో కొట్టేసి, పైన 'కూలీలు' అని రాసి, కాగితం మిగతా సగం చదవకుండానే తిరిగి ఇచ్చేశాడు. రెబెక్క కాగితం తీసుకుని ఆ గీత వైపు కాసేపు చూసి, మడిచి సంచిలో పెట్టుకుంది.

మూడో రోజు ముగింపు సభకు ముఖ్య అతిథి సుశాంతే. సామాజిక మాధ్యమాల్లో యువత పాత్ర గురించి అతను మాట్లాడాడు. బ్లాగును ఫోన్ మీద వేలితో నొక్కి ప్రారంభించాడు. వేదిక మీద బాల్‌రాజ్‌కు చివరి కుర్చీ, మెడలో శాలువా. కమిటీకి బ్లాగు నిండుగా కనిపించాలి గనుక, పిల్లలు రాసినవన్నీ ఎవరివి వారే ఎక్కించేయండని మనోరమ చెప్పింది. వాటిని చదివే తీరిక ఎవరికీ లేదు. చదవాలన్న ఉద్దేశమూ లేదు. మొదటి వార్త రాసే బాధ్యత సహజంగానే భవ్యశ్రీకి దక్కింది.

ఆ సాయంత్రం తాండూరు రైల్లో, కిటికీ పక్క సీటులో, శాలువా ఒళ్లో పెట్టుకుని, బాల్‌రాజ్ ఫోన్ తెరిచాడు. బ్లాగులో మొదటి వార్త ఉంది. సభాధ్యక్షుడి పేరు, సుశాంత్ పేరు, ప్రిన్సిపల్, కాలేజీ కరస్పాండెంట్, ఆయన తమ్ముడు, ఇద్దరు వార్డు నాయకులు, సౌండ్ సిస్టం ఉచితంగా ఇచ్చిన షామియానా వ్యాపారి. చివర: 'తదితరులు పాల్గొన్నారు.' రెండోసారి చదివాడు. మూడోసారి చదవక్కర్లేకపోయింది. తన వాక్యాన్ని గుర్తుపట్టడానికి ఎవరికీ అంతసేపు పట్టదు.

వెంటనే భవ్యశ్రీకి ఫోన్ చేశాడు.

"బిడ్డా, వార్త జూసిన. మంచిగుంది. నా పేరు మర్సినట్టున్నవు."

"లేదు సార్, మర్వలే," అంది ఆ అమ్మాయి ఏ సంకోచమూ లేకుండా. "మీరే చెప్పిండ్రు గద సార్, రేపు పని పడనోళ్లను తదితరుల్ల వెయ్యాలెనని. మీ క్లాసులు ఇయ్యాలటితో అయిపోయినయి గద."

"ఒక్క పేరే గదమ్మా..."

"ప్రిన్సిపల్ సార్ జూసి ఓకే జేసిండు సార్. ఇప్పుడు మీ పేరు పెడితె లెక్చరర్లు మా పేర్లేయి అంటరు."

గురువు బోధించింది శిష్యురాలికి సంపూర్ణంగా అందిన సందర్భాలు విద్యాచరిత్రలో ఎన్నో లేవు. బాల్‌రాజ్ ఆ సాఫల్యాన్ని చూసి ఆనందించే స్థితిలో లేడు. ఇంట్లో శాలువా చూపించాడు. పేరు సంగతి జ్యోతిరాణి అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ బాధించింది.

వారం గడిచాక నవీన్‌కుమార్ ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు దాచుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

"అన్నా, నీ పేరొచ్చిందే!"

"యాడ?"

"గా కాలేజీ బ్లాగుల. పెద్దేముల్ పిల్ల రాసింది. జర కూసొని సదువు."

బాల్‌రాజ్ వెతికాడు. క్రికెట్ పోటీల కింద, వైద్య శిబిరాల కింద, అన్నిటికంటే అడుగున అది దొరికింది. అతను గీసిన గీత ఎక్కడా లేదు.

'కంది కోతకు వెళ్తున్న ఆటో పెద్దేముల్ మలుపులో పడిపోయింది. అందులో మా అమ్మ రాహేలమ్మ, హన్మమ్మ, ఇంద్రమ్మ, మొగులమ్మ, ఆశమ్మ ఉన్నారు. హన్మమ్మ తలకు కుట్లు పడ్డాయి. ఇంద్రమ్మ కుడిచెయ్యి విరిగింది. ఈ ఏడు కంది కోతకు ఇక పోలేదు. తర్వాత సుశాంత్ గారు ఆసుపత్రికి వచ్చి పండ్లు ఇచ్చారు. ఫొటో సరిగా రాలేదని ఆ పండ్లు వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. విలేకరి బాల్‌రాజ్ గారు కూడా వచ్చారు. నిలబడి ఉన్నవారి పేర్లు అడిగి రాసుకున్నారు. మంచాల మీద ఉన్నవారి పేర్లు అడగలేదు. ఇంద్రమ్మ ఆయనను "మంచిగున్నరా పటేలా" అని పలకరించింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.'

ఇరవై ఏళ్లలో అతని గురించి రాసిన మొదటి వార్త ఇది. అందులో ఒక్క అబద్ధం కూడా లేకపోవడం అతనికి అన్యాయంగా తోచింది.

మర్నాడు పొద్దున్నే తాండూరు స్టేషన్‌కు వెళ్లాడు. వికారాబాద్ రైలు కోసం రెబెక్క ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది.

"ఏం బిడ్డా, గట్లెందుకు రాసినవు నా గురించి?"

రెబెక్క బెదిరింది. చదువు చెప్పినవాడు గదా. అయినా నెమ్మదిగా అంది: "జరిగిందే రాసిన సార్. తప్పు పోయిందా ఏమన్నా?"

"తప్పు సంగతి గాదు. నా పేరు తియ్యి."

"సరె సార్, తీస్త. తీసి 'ఒక విలేకరి' అని రాస్త. ఇంద్రమ్మ పలకరించిన మాట మాత్రం తియ్య సార్. నేను గూడ ఆడనే నిలబడి ఉన్న."

సంచిలోంచి ఫోన్ తీసింది. బ్లాగు తెరిచి, అతని పేరు మీద వేలు పెట్టి, చెరపడానికి సిద్ధంగా అతని వైపు చూసింది. బాల్‌రాజ్ తెర మీదికి వంగాడు. నీలం రంగు పడిన తన పేరు. ఒక్క నొక్కుతో పోతుంది. పోయాక మిగిలేది ఒక విలేకరి, అంటే ఇరవై ఏళ్లుగా తాను ఉన్నదే. మంచి పేరు కాదని తెలుసు. కానీ అచ్చులో ఉన్న పేరు. అక్షరాలు పొందికగా, తప్పు లేకుండా ఉన్నాయి. తత్త్వవేత్తలు మనిషి నిర్భయంగా సత్యాన్ని ఎంచుకునే క్షణాల గురించి గొప్పగా రాశారు. సత్యాన్ని కేవలం అహంకారం వల్ల ఎంచుకునే క్షణాల గురించి వారు పట్టించుకున్నట్టు లేదు.

"ఆగాగు," అన్నాడు. "ఉండనీ."

"ఉండాల్నా సార్?"

"ఉండనీ తియ్యి. జరిగిందే రాసినవు గద." గొంతు సవరించుకున్నాడు. "గని ఉత్త బాల్‌రాజ్ అంటె ఎవలనుకుంటరు? తాండూర్ల నలుగురున్నరు బాల్‌రాజ్‌లు. ఇంటిపేరు పెట్టు. కొండాపురం బాల్‌రాజ్."

రెబెక్క అతని ముఖంలోకి ఒకసారి చూసి, ఇంటిపేరు చేర్చింది. నవ్వలేదు. అది ఆమె మంచితనమో, రైలు వస్తున్న తొందరో చెప్పలేం.

బాల్‌రాజ్ తిన్నగా ఇంటికి వచ్చాడు. జ్యోతిరాణి చాయ్ గ్లాసుతో పత్రిక ముందు కూర్చుని ఉంది. అతను ఆ పత్రిక మీద ఫోన్ పెట్టాడు.

"జూడు. దేవులాడుతున్న అంటివి గదా."

"ఏందది?"

"సదువు. కింద దాంక సదువు."

ఆమె కళ్లజోడు సర్దుకుని అలవాటు ప్రకారం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది. పెదవులు కదిలిస్తూ చదివింది. ఆటో పడిన వాక్యం దాటింది. పేర్ల దగ్గర వేలు ఆగింది. ఇంకో వాక్యం చదివి తల ఎత్తింది.

"ఇంద్రమ్మ? మా ఇంద్రమ్మనా? నన్ను సంకనేసుకొని పెంచినామె?"

అతను తెరను కిందికి జరపడానికి చెయ్యి చాపాడు.

"చెయ్యి ఇరిగిందా? ఎప్పుడు?" వేలితో పత్రికను పొడిచింది. "నేను దినాం సదువుత గదనయ్యా నీ పేపరు! ఆటో పడ్డదని సదివిన. ఎవలో కూలోళ్లు అని పేజీ తిప్పిన. పేరు లేదు గద అండ్ల."

"అన్ని పేర్లు పట్టయి జ్యోతీ..."

"సుశాంత్ ఎనక నిలబడ్డోళ్ల పేర్లన్నీ పట్టినయి గదా?" ఆమె అప్పటికే లేచింది. కొంగు సర్దుకుంది, చెప్పుల కోసం చూసింది. "నువ్వు ఆడికి పోయినవు గద ఆ దినం. ఫొటో దియ్యనీకె. ఇంద్రమ్మను జూసి గూడ నాకు చెప్పకుంటివా?"

చూడలేదని చెప్పవలసి ఉంది. అది నిజమే. అయినా ఆ నిజం నోటికి రాలేదు. వచ్చింది వేరే మాట.

"కింద జూడవే. కింద నా పేరుంది. ఇంటిపేరుతో సహా."

జ్యోతిరాణి డబ్బాలోంచి రెండు బత్తాయిలు తీసి సంచిలో వేసుకుంది. ఫోన్ వైపు చూడలేదు. వాకిలి దాటి, పెద్దేముల్ ఆటోలు ఆగే వైపు వేగంగా నడిచింది. పత్రిక మీద ఫోన్ కాసేపు వెలుగుతూ ఉండి, ఆరిపోయింది.